గడ్డం తీసిన బుధవారం

భానుచందర్ గడ్డం గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని ఇంటికి వచ్చాడు.

వెంకట్రాజం అరుగు మీద చాయ తాగుతున్నాడు. కొడుకు ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు. వారం రోజులుగా ఇంట్లో నడుస్తున్న కొట్లాటలో తాను ఓడిపోయాడని ఆయనకు ఆ నున్నటి చెంపలు చూడగానే తెలిసింది.

మట్టెవాడ గల్లీలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. భార్య కడుపుతో ఉన్నవాడు ఒంటి మీద కత్తి పడనివ్వడు. శవాన్ని మోయడు. సముద్రం దాటడు. కొత్త ఇంటికి ముగ్గు పోయడు. నవ్యకు నాలుగో నెల. భానుచందర్ రెండు నెలలుగా పెంచిన గడ్డం చూసి గల్లీ అంతా సంతోషపడింది. ఎదురింటి అరుణ వాకిలి ఊడుస్తూ ఇప్పుడు ఆ ముఖం చూసింది. తల వంచుకుని, సగం ఊడ్చిన వాకిలి వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

"ఎవలన్న సచ్చిండ్రారా?" అన్నాడు వెంకట్రాజం.

అంతదాకా వంటింట్లో వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రేపు ప్రయాణం నాయినా. పాస్‌పోర్టుల ఫొటోకు ముఖం కలువాలె గద."

"ఫొటో కోసం తీసినవా?"

భానుచందర్ లోపలికి పోయి సంచి తెచ్చుకుని అరుగు మీదే సర్దడం మొదలుపెట్టాడు. పసుపుపచ్చ హెల్మెట్టు, రబ్బరు తొడుగులు, రెండు జతల బూట్లు. అన్నీ కొత్తవి. సంఘం వాళ్లు ఇచ్చినవి.

శ్రీలంక కొండల్లో వానలకు కొట్టుకుపోయిన తేయాకు తోట ఊరు అది. పన్నెండు ఇళ్లు కట్టాలి. హన్మకొండలో బట్టల షాపు నడిపే రాజేశ్వర్ రావు నలుగురినీ కూడగట్టి పెట్టిన సేవా సంఘం పద్నాలుగు మందిని పంపుతోంది. గురువారం సాయంత్రం మద్రాసు రైలు, అక్కడి నుంచి విమానం. ఇరవై రోజులు పని. జీతం లేదు. ఆ పద్నాలుగు మందిలో డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. తాపీ పట్టడం తెలిసినవాడు భానుచందర్ ఒక్కడే.

చెయ్యరాని పనులు నాలుగు ఉంటే, అందులో రెండింటికి వీడు పాస్‌పోర్టు తీసుకున్నాడు. మూడోది ఈ పొద్దున మంగలి దుకాణంలో పూర్తి చేసుకుని వచ్చాడు.

"అడుగుతాన. ఫొటో కోసమేనా?" వెంకట్రాజం మాటను వదిలే మనిషి కాదు.

భానుచందర్ బూట్ల తాళ్లు కడుతూనే చెప్పాడు. నిన్న సంఘంలో భోజనాల దగ్గర రాజేశ్వర్ రావు భార్య సుగుణ తన గడ్డం వంక అదే పనిగా చూసిందట. ఇంట్లో విశేషమా బాబూ అని అడిగిందట. అవునంటే ఆమె ఆపేస్తుందని తనకు తెలుసునట.

"ఏమన్నవ్ మరి?"

"ఏం లేదు మేడమ్ అన్న. బద్ధకానికి పెంచిన అన్న."

"ఏం లేదన్నవా?"

"అన్న."

"కడుపుల ఉన్నదాన్ని నోటితోని లేదన్నవా?"

భానుచందర్ తాడు ముడి వేయబోయి, వేయలేక, మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాడు.

నవ్య రెండు పళ్లాల్లో ఉప్మా పట్టుకుని వచ్చింది. ఒకటి మామ ముందు, ఒకటి భర్త ముందు పెట్టింది. ఎవరి ముఖమూ చూడలేదు. నెక్కొండ నుంచి ఈ ఇంటికి వచ్చి ఐదేళ్లయినా ఆ పిల్ల గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఈ వారంలో ఆమె అన్నది ఒక్కటే మాట. ఇప్పుడూ అదే అంది.

"పోనియ్యి మామా. ఇరవై రోజులే గద."

వెంకట్రాజం ఆమెను కసిరాడు. ఐదేళ్లకు దేవుడు కళ్లు తెరిస్తే, కాపాడుకోవాల్సిన మనిషే పోనియ్యి పోనియ్యి అంటే ఇక తాను ఎవరి కోసం మొత్తుకోవాలని అడిగాడు. ముఖం చూస్తే పీక్కుపోయి ఉంది. గూట్లో బలం గోలీల పట్టీ సోమవారం ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మొగుడి ఫికర్‌తో గోలీలు కూడా మానేసింది అనుకున్నాడు. ఆ కోపం కూడా కొడుకు ఖాతాలోనే వేశాడు.

"ఆడ ఎవలున్నరురా నీకు? సుట్టాలా, పక్కాలా?"

"ఎవలు లేరు."

"మరి?"

భానుచందర్ అప్పుడు తలెత్తాడు. "సంఘంల నన్ను సార్ అంటాండ్రు నాయినా. మన గల్లీ డాక్టరు, మొన్నటిదాక నన్ను చీటి చూపియ్యమని గదమాయించిన డాక్టరు, తాపీ ఎట్ల పట్టాలె సార్ అని అడుగుతాండు. నేను పట్టి చూపిస్తాన."

"సార్ అంటే సముద్రం దాటుతవా?"

"నువ్వు ఒక్కనాడన్న మేస్త్రి అన్నవా?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలుసు. భానుచందర్ పందొమ్మిదేళ్లప్పుడు తండ్రి పనిలో ఒక గోడ కట్టాడు. వెంకట్రాజం గుండునూలు వదిలి నిలువు చూశాడు. సగం వేలు వంక. కూలీలందరి ముందు కాలితో తన్ని పడగొట్టాడు. కొడుకు ఆ రోజు కింద పెట్టిన తాపీని మళ్లీ తండ్రి ముందు పట్టలేదు. టైల్స్ షాపులో సేల్స్‌మన్‌గా చేరాడు. పన్నెండేళ్లయింది. ఆ గోడ గురించి వెంకట్రాజం ఇప్పటికీ బాధపడడు. వంకర గోడను పడగొట్టక పూజ చేస్తారా అంటాడు.

"గుండునూలు ఇస్తవా?" అన్నాడు భానుచందర్. గొంతు కొంచెం తగ్గింది. "ఆడ అన్ని మిషన్లే ఉంటయన్నరు. అయినా తాతది పట్కపోదామని."

అది ఇత్తడి గుండు. వెంకట్రాజం తండ్రి కాలంలో పోత పోయించింది. రెండు తరాల గోడలు దాని ముందు నిలబడ్డాయి. కొడుకు పోయిన వారం ఒకసారి అడిగాడు, ఇది రెండోసారి. వెంకట్రాజం మొదటిసారి లాగే ఈసారీ వినిపించుకోలేదు.

భానుచందర్ లేచాడు. పళ్లెం ముట్టలేదు.

"ఒక్కటి అడుగుత నాయినా. అమ్మ కడుపుతోని ఉన్నప్పుడు నువ్వు పని బంద్ పెట్టినవా? మేస్త్రి తొమ్మిది నెలలు ఇంట్ల కూసుంటే కుండల ఎసరు మసులుతదా? నీకు లేని పట్టింపు నాకెందుకు?"

వెంకట్రాజం పళ్లెం పక్కకు జరిపాడు.

తండ్రికి మాట లేకుండా చేశానని కొడుకు అనుకున్నాడు. సంచి తగిలించుకుని, బండి తీసి హన్మకొండకు పోయాడు.

వెంకట్రాజం చెప్పగలిగితే చెప్పాల్సింది ఇది.

మేస్త్రీల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. భార్య కడుపుతో ఉన్నంత మాత్రాన ఎవరూ పని మానరు. గోడలు కడతారు, స్లాబు వేస్తారు. ముగ్గు మాత్రం పోయరు. కొత్త ఇంటికి కొలతలు పెట్టి, నేల మీద సున్నపు గీత గీసే పని జోడీ మేస్త్రికి అప్పగించి పక్కకు నిలబడతారు. వెంకట్రాజానికి ఎల్లస్వామి జోడీ. ముప్పై ఆరేళ్ల కింద, మొగిలమ్మకు ఏడో నెల నడుస్తుండగా, వెనక గల్లీలో ఒక రెండంతస్తుల ఇంటికి ముహూర్తం పెట్టారు. ఆ రోజు ఎల్లస్వామి రాలేదు. ముహూర్తం దాటిపోతోంది. ఇంటాయన అరుస్తున్నాడు. పంతులు గడియారం చూస్తున్నాడు. వెంకట్రాజం సున్నం తట్టలో చేయి పెట్టాడు.

సాయంత్రం ఇంటికొస్తే వేళ్ల సందుల్లో సున్నం తెల్లగా ఉంది. మొగిలమ్మ చూసింది. చెంబుతో నీళ్లు పోసి చేతులు కడిగించింది. ఒక్క మాట అడగలేదు.

పదకొండో రోజున మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు, కదలలేదు.

అప్పుడూ ఆమె అడగలేదు. భానుచందర్ పుట్టిన తర్వాత కూడా అడగలేదు. కానీ ఆ వెనక గల్లీలో మళ్లీ అడుగు పెట్టలేదు. కూరగాయలకు పోవాలన్నా, గుడికి పోవాలన్నా ముప్పై నాలుగేళ్లు చుట్టు తిరిగి పోయింది. రెండేళ్ల కింద జ్వరమొచ్చి అయిదు రోజుల్లో పోయింది. తిట్టి పోయినా బాగుండేది. తిట్టని ఆడదాన్ని క్షమాపణ అడగడానికి మగవాడికి దారి ఉండదు. వెంకట్రాజం అప్పటి నుంచి ఎవరినైనా క్షమించడం మానేశాడు.

ఇది కొడుకుకు చెప్పే మాట కాదు. చెప్పకుండానే ఆపాలి.

పదకొండు గంటలకు ఇత్తడి గుండును జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు. కొడుకుకు ఇవ్వడానికి కాదు. ఇంట్లో వదిలి పోతే వాడు తీసుకుంటాడని.

రాజేశ్వర్ రావు ఇంటి వెనక ఖాళీ జాగాలో సంఘం వాళ్లు పని నేర్చుకుంటున్నారు. పసుపు హెల్మెట్లు పెట్టుకుని ఏడెనిమిది మంది ఇటుకలు అందించుకుంటున్నారు. ఛాతీ ఎత్తు గోడ లేచింది. సిమెంటు లేదు, మట్టితో పేరుస్తున్నారు. సాయంత్రం విప్పేసి, ఇటుకలు కడిగి, పొద్దున మళ్లీ కడతారట. పడగొట్టడానికి గోడ కట్టడం నలభై ఏళ్లలో వెంకట్రాజం చూడలేదు. సద్ది కట్టుకుపోయి చెరువులో పారబోసి వచ్చినట్టు అనిపించింది.

భానుచందర్ అక్కడ లేడు. అందరికీ టీషర్టులు తెచ్చేందుకు కాజీపేట పోయాడన్నారు.

"తాతా, జర పక్కకు నిలవడు. ఇటుకలు మీద పడ్తయ్," అంది ఒక కాలేజీ పిల్ల. పేరు మానస అని హెల్మెట్టు మీద రాసి ఉంది. ఎవరు కావాలని అడిగింది. భానుచందర్ తండ్రినని చెబితే చేతిలోని ఇటుక కింద పెట్టింది.

"మా సార్ వాళ్ల నాయినవా? నీ గురించే చెప్తడు తాతా రోజూ. వరంగల్ల సగం ఇండ్లు మా నాయిన చేతియే అంటడు. గోడ వంకరుంటే మా నాయిన తంతడు, జాగ్రత్త అంటడు." నవ్వింది. "నిన్న నా వరస వంకరవోతే నిజంగనే తన్నిండనుకో. గోడను. మల్ల తనే కూసోని కట్టి చూపిచ్చిండు."

వెంకట్రాజం గోడ వంక చూశాడు. తాను తన్నాడు. కూర్చుని కట్టి చూపించలేదు.

ఆ పిల్ల మంచినీళ్లు తెస్తానని పోయింది. ఆయన గోడ దగ్గరకు నడిచి, జేబులోంచి గుండునూలు తీసి పైనుంచి వదిలాడు. గుండు కాసేపు ఊగి నిలిచింది. దారానికీ గోడకూ నడుమ పైన ఎంత సందు ఉందో కిందా అంతే ఉంది. మూల మీద వదిలాడు. అంతే. అవతలి వైపు పోయి ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా దొరుకుతుందేమో అని చూశాడు. దొరకలేదు. పని తెలియని పిల్లల చేతులతో కట్టించిన గోడ అది. తన చేతి గోడకు ఎందులోనూ తీసిపోదు.

అక్కడి నుంచే వెనక్కు తిరిగి ఇంటికి పోయి ఉంటే ఆయన బతుకులో ఒక మంచి పని చేసినవాడు అయ్యేవాడు. దారం చుట్టి జేబులో పెట్టుకుని రాజేశ్వర్ రావు ఇంటి మెట్లెక్కాడు.

రాజేశ్వర్ రావు కుర్చీ వేయించాడు. చాయ తెప్పించాడు. మీ అబ్బాయి లేకపోతే మిగతా పదమూడు మందిమీ ఇటుకలు మోసే కూలీలమే, అక్కడికి పోయి ఫొటోలు దిగి రావాల్సిందే అని మెచ్చుకున్నాడు. వెంకట్రాజం చాయ ముట్టుకోలేదు. మేడమ్‌ను కూడా పిలవమన్నాడు. సుగుణ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మా కోడలికి నాలుగో నెల," అన్నాడు.

సుగుణ భర్త వంక చూసింది.

"నిన్ననే అడిగిన గదండీ," అంది సుగుణ. "ఏం లేదన్నడు."

"అబద్ధం చెప్పిండు."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. కోపం రాలేదు, భయం వచ్చింది. అక్కడి వాళ్లు ఇళ్లూ పోయి, పిల్లలూ పోయి కూర్చున్నారని, అటువంటి వాళ్ల కొత్త ఇంటికి ఈ చేతులతో ముగ్గు పోయిస్తే వాళ్లకూ మంచిది కాదు, ఇక్కడ పుట్టబోయే దానికీ మంచిది కాదని భర్తతో అంది. తాను తెలిసి తెలిసి ఈ పాపం నెత్తిన పెట్టుకోనంది.

రాజేశ్వర్ రావు తనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదన్నాడు. రెండు నిమిషాలు కిటికీలోంచి గోడను చూశాడు. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, అబద్ధం చెప్పినవాడిని పరాయి దేశం ఎలా తీసుకుపోతామన్నాడు. నమ్మకం లేనివాడికి ఆగడానికి అటువంటి కారణం ఒకటి కావాలి. దొరికింది.

"ఆయనకు మీరు చెప్తరా, మమ్మల్ని చెప్పమంటరా?"

"మీరే చెప్పుండ్రి. నేనొచ్చిన సంగతి మాత్రం చెప్పకుండ్రి."

మెట్లు దిగుతుంటే మానస మంచినీళ్ల గ్లాసుతో ఎదురొచ్చింది. సార్ వస్తే మీరు గోడ చూసి పోయినట్టు చెప్తానంది. ఆయన వద్దనబోయి గ్లాసు అందుకున్నాడు.

దారిలో ఆటో ఆపించి పచ్చి మామిడికాయలు కొన్నాడు. మొగిలమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఉప్పూ కారం అద్దుకుని తినేది. ఇల్లు చేరేసరికి మూడు దాటింది. గుండెల మీది బండ దిగినట్టుంది. కొడుకు నెల రోజులు మాట్లాడడు. మాట్లాడకపోతే మాయె. బిడ్డ పుట్టాక వాడే వస్తాడు.

నవ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అలికిడికి లేచి కూర్చుంది. ఆయన మామిడికాయల సంచి ఆమె పక్కన పెట్టాడు.

"నీ మొగడు ఎటు పోడు బిడ్డా ఇగ. ఫికర్ చెయ్యకు. గోలీలు వేసుకో."

"ఎందుకు పోడు?"

"పేరు తీసేసిండ్రు."

నవ్య ఆయన ముఖంలోకి చూసింది. ఐదేళ్లలో మొదటిసారి అంత నేరుగా చూసింది.

"నువ్వు చెప్పినవా మామా?"

"చెప్పిన. నాలుగో నెల అని చెప్పిన. వాడు చెప్పిన అబద్ధం కడిగేసి వచ్చిన."

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాడు. మొగుడి తరఫున కొట్లాడుతుందేమో అనుకున్నాడు. ఆమె లేచి ఇనుప పెట్టె తెరిచి, చీరల మడతల అడుగు నుంచి ఒక పెద్ద తెల్ల కవరు తీసింది. తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. లోపల నల్లటి బొమ్మ కాగితం, ఇంగ్లీషు రాత. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివిన చదువు దాన్ని చదవడానికి పనికిరాలేదు.

"ఏంది బిడ్డా ఇది?"

"సోమవారం నేను పోయింది రక్తం పరీక్షకు కాదు మామా. అరుణక్కను తోలుకొని స్కానింగ్‌కు పోయిన. రెండు దినాల సంది కడుపుల ఏదో తేడా కొట్టింది." గోడకు ఆనుకుని నిలబడింది. "గుండె కొట్టుకుంటలేదన్నరు."

వెంకట్రాజం ఆ బొమ్మ కాగితం వంక చూస్తూనే ఉన్నాడు.

"ఎప్పటి సంది?"

"పది దినాలైతదన్నరు."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. పది రోజుల కింద ఇంట్లో ఈ కొట్లాటే మొదలు కాలేదు. భానుచందర్ ప్రయాణం సంగతి ఇంట్లో చెప్పనే లేదు. ముఖాన గడ్డం ఉంది. ఎవరూ ముగ్గు పోయలేదు. ఎవరూ సముద్రం దాటలేదు. ఏ తప్పూ లేకుండానే, ఎవరి చేతికీ సున్నం అంటకుండానే అది పోయింది.

మరి అప్పటిది?

ముప్పై ఆరేళ్లు మోసింది తన తప్పేనా, ఉత్త బరువా? మొగిలమ్మ ఆ గల్లీ తప్పించి పోయింది తనను తప్పు పట్టి పోయిందా, లేక పిల్లాడిని తీసుకుపోయిన దారి అదే కాబట్టి పోలేక పోయిందా? శ్మశానం దారి ఆ గల్లీ మీదుగానే. ఇన్నేళ్లలో ఈ మాట తనకు ఒక్కసారి కూడా తట్టలేదు. అడగాల్సిన మనిషి లేదు. ఆయన ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు.

నవ్య చెబుతూనే ఉంది. రెండు మూడు రోజుల్లో దవాఖానలో చేరాలని, ఇంకా ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ చెప్పిందట. రేపు సాయంత్రం భానుచందర్ రైలెక్కాక పోదామని, అరుణ తోడు వస్తానని ఒప్పుకుందట. నెక్కొండలో తల్లికి కూడా చెప్పలేదట.

"వానికెందుకు చెప్పలే?"

"చెప్తే ఆగుతడు. ఆగి ఏం జేస్తడు మామా? నా ముంగట కూసుంటడు. నన్ను చూసుకుంట ఆయన, ఆయన్ని చూసుకుంట నేను. ఈ నెల రోజులు ఆయన రోజూ పొద్దుగాల్నే లేచి పాట పాడుకుంట పోయిండు. పెండ్లయినంక నేను అట్ల చూడలే. ఇద్దరిట్ల ఒక్కల సంబురమన్న నిలవడితే చాలనుకున్న."

వెంకట్రాజం బొమ్మ కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టాడు.

"పొద్దున నువ్వు అడిగినవ్ గద," అంది నవ్య. "ఎవలన్న సచ్చిండ్రా అని. నేను లోపల్నే ఉన్న."

గల్లీలో ఎవరో పంపు తిప్పారు. బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు ఎంతసేపో వినిపించింది.

"వాళ్లకు ఫోన్ చెయ్యి మామా. పొరపాటు చెప్పిన, మా ఇంట్ల ఏం లేదని చెప్పు. పోనిస్తరు."

ఏం లేదు. నిన్న కొడుకు భోజనాల దగ్గర అన్న మాటే. వాడు అబద్ధం చెప్పాననుకున్నాడు. ఈ పొద్దున తాను అదే అనుకున్నాడు. అప్పటికే అది నిజం.

వెంకట్రాజం ఫోన్ తీశాడు. రాజేశ్వర్ రావు నంబరు తన దగ్గర లేదు. భానుచందర్ దగ్గరే ఉంది.

అంతలో బండి చప్పుడయింది.

భానుచందర్ లోపలికి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, హెల్మెట్టు కూడా ఇచ్చేసి వచ్చాడు. కోపంతో వచ్చి ఉంటే బాగుండేది. ముఖం ఖాళీగా ఉంది. కొత్తగా గీసిన చెంపల మీద చెమట మెరుస్తోంది.

"మానస చెప్పింది నాయినా. గుండునూలు వదిలి చూసినవట." గడపలోనే నిలబడ్డాడు. "వంకరున్నదా?"

"లేదు."

"లేదు గద. అయినా పడగొట్టినవ్."

వెంకట్రాజం జేబులోంచి ఇత్తడి గుండు తీశాడు. దారం వేలాడుతుంటే కొడుకు వైపు చాచాడు. జీవితంలో ఆయన ఒకరికి ఒకటి ఇవ్వబోవడం అది రెండోసారో మూడోసారో. భానుచందర్ దాన్ని చూసి చేయి చాచలేదు.

"ఇప్పుడెందుకు? ఏ గోడకు?"

నవ్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగాడు. మామిడికాయల సంచి కనిపించింది. ఒకటి తీసి చేతిలో తిప్పాడు. తనకు తాను సర్దిచెప్పుకుంటున్నట్టు, భార్య వైపు చూసి అన్నాడు.

"సరే తియ్యి. నీకన్న సంబురమైతే అదే చాలు. బిడ్డ పుట్టేదాక ఈడ్నే ఉంట. గడ్డం మల్ల పెంచుత."

నవ్య ముఖం తిప్పుకుంది. ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

వెంకట్రాజం ఒళ్లో తెల్ల కవరు ఉంది. దాని మీద చేయి కప్పి ఉంచాడు. ఆ చేతి వేళ్ల సందుల్లో సున్నం లేదు. కొడుకు చూపు అక్కడికి వచ్చింది.

"ఏంది నాయినా అది, చేతుల?"

వంటింటి గడప దగ్గర నుంచి నవ్య "మామా" అంది. అంతే అంది. అది చెప్పమనో, వద్దనో ఆయనకు తెలియలేదు.